వాహన ప్రకటనలలో పురుషత్వ చిత్రణము

నిర్వచనము, పరిధి

మోటారు కారు, మోటారు సైకిలు, జీపు, పికప్ ట్రక్కు మొదలగు వాహనములను విక్రయించుటకై ఉత్పత్తిదారులు పత్రికలలోను, సినిమాహాళ్ళలోను, టెలివిజను నందును, వీధి హోర్డింగుల మీదను వెలువరించు ప్రకటనలలో, మగవాడనగా ఇట్టివాడే, ఇట్లుండవలసినవాడే యని సంఘము ముందుగా ఏర్పరచుకొన్న మూసభావములను గ్రహించి, వాహనమును ఆ భావములకు చిహ్నముగా నిలిపి, దానిని కొన్నవానికి ఆ గుణములు సంక్రమించునని సూచించు పద్ధతికి వాహన ప్రకటనలలోని పురుషత్వ చిత్రణమని పేరు. బలము, వేగము, సాహసము, నిర్భయత్వము, యంత్రములపై అధికారము, స్త్రీల నాకర్షించు శక్తి, కుటుంబమును పోషించి రక్షించు సామర్థ్యము అను గుణములు ఇందు తరచుగా కానవచ్చును.

ప్రకటనలో పురుషుడు కనబడినంత మాత్రమున అది ఈ కోవలో చేరదు. ఈ బండి లీటరు పెట్రోలుకు ఇన్ని కిలోమీటర్లు నడచునని ఒక గుమాస్తా చేత చెప్పించిన ప్రకటన కేవలము సమాచారము. ఈ బండి నెక్కనివానికి మగతనములో ఏదో కొరత యున్నదని తోపించు ప్రకటన మూసచిత్రణము. ఈ రెండును ఒకే ప్రకటనలో కలసియుండుట సామాన్యము గనుక, వానిని వేరుపరచి చూచుట ఈ విషయమును పరిశీలించువారికి మొదటి పని. పురుషత్వమనునది ఏకరూపమైన ప్రకృతిధర్మము కాదనియు, ఒకే సంఘమున పలువిధములైన పురుషత్వము లుండి వానిలో ఒకటి తక్కినవానిపై ఆధిపత్యము వహించుననియు ఆస్ట్రేలియా సమాజశాస్త్రవేత్త కానెల్ 1995లో ప్రచురించిన ‘మాస్క్యులినిటీస్’ అను గ్రంథమున ప్రతిపాదించెను. వాహన ప్రకటనలను గూర్చిన తరువాతి చర్చలకు ఈ భావన ప్రధానమైన ఆధారమయ్యెను.

ఆరంభదశ: చేతిపిడియు, విద్యుత్తు బండియు

మోటారు వాహనము పుట్టుకతోనే పురుషుని సొత్తు కాలేదు. 1888 ఆగస్టులో జర్మనీయందు మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్జ్‌హైమ్ వరకు మొట్టమొదటి దూరప్రయాణమును చేసి, తన భర్త నిర్మించిన యంత్రము పనికివచ్చునని లోకమునకు చాటినది బెర్తా బెంజ్ అను స్త్రీ. 1909లో ఆలిస్ రామ్సే అను యువతి న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు మాక్స్‌వెల్ కారును 59 దినములలో నడిపెను. ఆ యాత్రకు వలసిన వ్యయమును భరించిన మాక్స్‌వెల్-బ్రిస్కో సంస్థ ఉద్దేశము స్త్రీల శక్తిని కొనియాడుట కాదు. ఒక స్త్రీ సైతము నడపగలిగినంత సులభమైనది, నమ్మదగినది తమ బండి యని కొనుగోలుదారులకు నిరూపించుటయే. స్త్రీని అల్పశక్తిగలదానిగా భావించు లోకదృష్టిని ఆధారము చేసికొని ఒక స్త్రీ సాధించిన ఘనకార్యమును విక్రయసాధనముగా మార్చిన ఈ ఉదాహరణము, ఈ ప్రకటనా సంప్రదాయమునకు ఎంతటి పూర్వచరిత్ర కలదో తెలుపుచున్నది.

ఆ కాలమున పెట్రోలు బండిని ముందు భాగమున నున్న ఇనుప పిడిని చేతితో త్రిప్పి ప్రారంభింపవలసి యుండెను. ఆ పిడి ఒక్కొక్కప్పుడు ఎదురు తిరిగి చేతి నెముకలను విరుగగొట్టుచుండెను. అందుచే శబ్దము, పొగ, పిడి బాధలు లేని విద్యుత్తు బండ్లను బేకర్, డిట్రాయిట్ ఎలక్ట్రిక్ మొదలగు సంస్థలు నగర స్త్రీలకు తగినవిగా ప్రకటించెను. లోకమునంతటిని పెట్రోలు బండ్లతో నింపిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా సైతము డిట్రాయిట్ ఎలక్ట్రిక్‌నే నడపుచుండెడిది. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును కాడిలాక్ సంస్థ తన బండ్లలో అమర్చగా పిడి త్రిప్పు బాధ తొలగిపోయెను. అయినను పెట్రోలు బండి మగవానిది, నిశ్శబ్దమైన బండి స్త్రీది యను విభాగము మాత్రము ప్రకటనల భాషలో నిలిచిపోయెను. యంత్రకారణము పోయిన పిమ్మటను భావము నిలిచియుండుట ఈ చరిత్రలో పలుమారులు కనబడును.

భావమును అమ్ముట అను విద్యకు మార్గము చూపిన ప్రకటనలు రెండు. 1915 జనవరిలో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ అను వారపత్రికలో కాడిలాక్ పేర వెలువడిన ప్రకటనలో థియొడోర్ మాక్‌మేనస్, అగ్రస్థానమున నిలుచువానికి అసూయాపరుల నింద తప్పదని వ్రాసెను. ఆ రచనాభాగమున కారు ప్రసక్తియే లేదు. 1923లో నెడ్ జోర్డన్ తన ‘ప్లేబాయ్’ అను కారునకై వ్రాసిన ప్రకటన అంతకంటె ప్రసిద్ధము. వయోమింగ్ మైదానములను, గుఱ్ఱపు రౌతును, అతనితో పోటీగా దూసికొనిపోవు కారును చిత్రించి, ఇంజనును గూర్చి ఒక్క మాటయైన చెప్పకుండ స్వేచ్ఛయను భావమును మాత్రమే అది అమ్మజూపెను. గమనింపవలసినదేమనగా, ఆ చిత్రమున చక్రము పట్టినది యువతి. పడమటి మైదానములు, గుఱ్ఱము, స్వేచ్ఛ అను ఈ సామగ్రి యంతయు అటుపిమ్మటనే పురుషుని వశమయ్యెను.

యుద్ధానంతర దశ: మనోవిశ్లేషణము

వియన్నానుండి 1938లో అమెరికాకు వలసవచ్చిన ఎర్నెస్ట్ డిక్టర్ అను మనస్తత్త్వవేత్త, మరుసటి యేడు క్రైస్లర్ సంస్థవారి ప్లిమత్ కార్ల విక్రయమును గూర్చి పరిశోధన చేసెను. పైకప్పు తెఱచు కారు పురుషుని మనస్సులో ప్రియురాలివంటిదనియు, కప్పుగల సెడాను భార్యవంటిదనియు, మొదటిదానిని చూచుటకు దుకాణములోనికి వచ్చినవాడు రెండవదానిని కొని యింటికి పోవుననియు అతడు తెల్పెను. కొనుగోలు నిర్ణయములో భార్యల మాట ఎంత బలవత్తరమో కూడ ఆ పరిశోధనలోనే వెల్లడియయ్యెను గాని, వ్యాపారులకు రుచించినది మొదటి మాటయే. వాన్స్ పాకార్డ్ 1957లో ప్రచురించిన ‘ది హిడెన్ పర్‌సుయేడర్స్’ ద్వారా ఈ విషయము సామాన్య పాఠకులకు తెలిసెను. అంతకు పూర్వమే 1951లో మార్షల్ మక్లూహన్ ‘ది మెకానికల్ బ్రైడ్’ అను గ్రంథమున యంత్రమును, కామమును ముడివేయు ప్రకటనల ధోరణిని విమర్శించెను.

పురుషుని కారు వేరు, స్త్రీ కారు వేరు అను భావము పరాకాష్ఠ నందినది 1955లో. డాడ్జ్ సంస్థ ఆ యేడు ‘లా ఫెమ్’ అను కారును విడుదల చేసెను. దాని రంగు గులాబి, తెలుపు. లోపలి ఆసనముల బట్టపై గులాబి మొగ్గలు. కారుతోపాటు అదే రంగు చేతిసంచి, అందులో లిప్‌స్టిక్ పెట్టె, పౌడరు డబ్బా, సిగరెట్టు పెట్టె, లైటరు. వానకోటు, టోపి, గొడుగు సైతము దానితో నిచ్చిరి. ఇంజనులో గాని, ఆసనపు ఎత్తులో గాని, పెడళ్ళ అమరికలో గాని స్త్రీ సౌకర్యమునకై చేసిన మార్పు లేదు. రెండేండ్లలో ఆ నమూనా అంతరించెను. స్త్రీలు దానిని తిరస్కరించుటకు కారణము వెదుకవలసిన పనిలేదు. వారడిగినది బండి, వారికి చూపినది అలంకరణ సామగ్రి.

1964లో పాంటియాక్ జి.టి.ఓ., ఫోర్డ్ మస్టాంగ్ కార్లు వెలువడుటతో యువకులను ఉద్దేశించిన ‘మజిల్ కార్ల’ యుగము ప్రారంభమయ్యెను. పెద్ద ఇంజను, తక్కువ ధర, ఎదురులేని వేగము వీని లక్షణములు. సాధుస్వభావుడైన ఉద్యోగి ఒకడు ఈ కారు కొన్న మరునాటినుండియే ధీరుడుగను, స్త్రీజన ప్రియుడుగను మారిపోయినట్లు చూపు రూపపరివర్తన కథలు మస్టాంగ్ ప్రకటనలతో ప్రచారములోనికి వచ్చి, నేటికిని అన్ని దేశములలోను అనుకరింపబడుచున్నవి.

ట్రక్కుల ప్రాబల్యము: ఆర్థిక కారణములు

అమెరికాలో పికప్ ట్రక్కు పురుషత్వమునకు ప్రధాన చిహ్నమగుటకు ఆ దేశపు జానపద సంప్రదాయమే కారణమని చెప్పుట కలదు. అది సగము నిజము. తక్కిన సగము చట్టములలో నున్నది. ఐరోపా దేశములు అమెరికా కోళ్ళపై విధించిన సుంకమునకు ప్రతిగా 1964లో అమెరికా ప్రభుత్వము దిగుమతి యగు తేలిక ట్రక్కులపై నూటికి 25 వంతుల సుంకము విధించెను. విదేశీయుల పోటీ అందుచే ఆ రంగమున తగ్గెను. 1975 నాటి ఇంధన చట్టము ననుసరించి ఏర్పడిన నిబంధనలలో కార్లకంటె ట్రక్కులకు సడలింపు లభించెను. పోటీ తక్కువ, నిబంధనలు తక్కువ, లాభము అధికము గనుక, పొలములేని నగరవాసికి సైతము ట్రక్కు అమ్ముట ఉత్పత్తిదారులకు అవసరమయ్యెను. సరకు మోయవలసిన పనిలేనివానికి సరకు మోయు బండిని అమ్ముటకు అతని అవసరములను గాక అతని ఆత్మగౌరవమును ఉద్దేశించి మాటలాడవలెను. షెవ్రొలె ట్రక్కులకై 1991నుండి 2004 వరకు సాగిన ‘లైక్ ఎ రాక్’ ప్రకటనలు బాబ్ సీగర్ పాటను నేపథ్యముగా పెట్టుకొని, పశువుల కాపరులను, కట్టడపు పనివారిని, తండ్రీకొడుకులను చూపుచు శిలవలె చలింపని మగవానిని ట్రక్కుతో నభేదముగా చిత్రించినవి. పరిశ్రమలు మూతపడి శ్రామిక పురుషుని ఉద్యోగము అస్థిరమైన కాలముననే ఈ అచంచల పురుషుని చిత్రము బహుళ ప్రచారము నందుట యాదృచ్ఛికము కాదు.

సైనిక వాహనమునుండి పుట్టిన హమ్మర్ ఈ ధోరణిని మరియొక మెట్టు పైకి కొనిపోయెను. 2006 నాటి ఒక హమ్మర్ హెచ్-3 ప్రకటనలో, దుకాణమున సోయాపాల టోఫు, కూరగాయలు కొనుచున్న యువకుడు తన వెనుకనున్నవాడు మాంసపు రాసులను బల్లపై పెట్టుట చూచి, సిగ్గుపడినవానివలె తిన్నగా షోరూమునకు పోయి హమ్మర్ కొనును. పోయిన మగతనమును తిరిగి పొందుమను అర్థముగల ముగింపు వాక్యమును, విమర్శ వచ్చిన పిమ్మట, సమతూకమును పునరుద్ధరింపుమను అర్థమునకు మార్చిరి. హమ్మర్ సంస్థ వ్యాపారము 2010లో నిలిచిపోయెను.

అదే యేడు ఫిబ్రవరిలో, అమెరికా ఫుట్‌బాల్ అంతిమ పోటీయగు సూపర్‌బౌల్ సమయమున ప్రసారమైన డాడ్జ్ చార్జర్ ప్రకటన ఈ జాతి ప్రకటనలకు పాఠ్యోదాహరణమైనది. తెరపై పురుషుల ముఖములు ఒకటి తరువాత ఒకటి కనబడును; ఎవరును కదలరు, మాటలాడరు, నిర్జీవమైన చూపుతో కెమెరా వంక చూచుచుందురు. వెనుకనుండి ఒక పురుష కంఠము, తెల్లవారుజామున లేచెదను, అల్పాహారమున పండ్లు తినెదను, గడ్డము గీసికొని తొట్టిని కడిగెదను, నీ తల్లితో మర్యాదగా మెలగెదను అని సంసారపు విధులను ఏకరువు పెట్టును. ఇవన్నియు చేయుచున్నాను గనుక నాకు నచ్చిన కారు నడిపెదను అని ముగింపగానే నిశ్శబ్దము పగిలి ఇంజను గర్జించుచు కారు దూసికొనిపోవును. ఈ ప్రకటనకు ‘మగవాని తుది పోరాటము’ అను అర్థముగల పేరు పెట్టిరి. ఇచ్చట స్త్రీ ఎచ్చటను కనబడదు. ఆమె కేవలము విధులను విధించు అదృశ్య వ్యక్తి. గడ్డము గీసిన తొట్టిని కడుగుట త్యాగముగా లెక్కింపబడుటయందే ఈ ప్రకటన యాధారపడిన సంఘభావన యంతయు బయటపడుచున్నది. ఆ వారములోనే స్త్రీల పక్షమున దీనికి ప్రత్యుత్తరముగా ఒక అనుకరణ చిత్రము వెలువడెను.

ప్రధాన రీతులు

ఈ ప్రకటనలలో కనబడు పురుషుని రూపములలో ముఖ్యమైనవాడు విజేత. కొండలు, ఎడారులు, వాగులు అతనికి శత్రువులు; అవి యున్నవి దాటబడుటకే. ఎస్.యు.వి. ప్రకటనలలో ఇతడే నాయకుడు, నిత్యము ఒంటరివాడు. అతనికి ఎదురుగా నిలువదగినవాడు శ్రామికుడు; మట్టి, గ్రీజు, చెమట అతని ఆభరణములు. మూడవవాడు తిరుగుబాటుదారుడు, మోటారు సైకిలుకు ప్రత్యేకించినవాడు. విలాసవంతమైన కార్లకు అధికారి, అనగా కోటు ధరించి వెనుక ఆసనమున కూర్చుండు సంపన్నుడు. చిన్న కార్లకు పెండ్లికాని ప్రియుడు. అయిదుగురు కూర్చుండు బండ్లకు పిల్లలను క్షేమముగా యింటికి చేర్చు తండ్రి. ఇందు తండ్రి రూపము ఇటీవల ఎక్కువగుచున్నది. రక్షకత్వమును ప్రేమతో కలిపి చూపుటచే అది మృదువుగా కనిపించినను, నడపువాడు తండ్రియే, ప్రక్కన కూర్చుండునది తల్లియే యను క్రమము చాలవరకు మారలేదు.

నిర్మాణ సాధనములు

కెమెరాను నేలకు దగ్గరగా నిలిపి వాహనమును క్రిందినుండి చూపుట, దానిని ఉన్నదానికంటె పెద్దదిగా కనబడజేయును. ఎదుటి జాలీని బిగించిన పండ్లవలెను, దీపములను కోపపు కన్నులవలెను తీర్చు రూపకల్పన ప్రకటనకు ముందే కర్మాగారమున ఆరంభమగుచున్నది. ఫ్రాన్సున జన్మించిన విపణి పరిశోధకుడు క్లొటేర్ రపాయ్ ఎస్.యు.వి.ల ఆకర్షణ మనుష్యుని ఆదిమ భయములకు సంబంధించినదని ఉత్పత్తిదారులకు బోధించిన సంగతి కీత్ బ్రాడ్‌షర్ 2002లో ప్రచురించిన ‘హై అండ్ మైటీ’ అను గ్రంథమున విపులముగా కలదు. ధ్వని మరియొక సాధనము: ఇంజను గర్జన, గంభీరమైన పురుష కంఠము, చివర ఒకే వాక్యము. మస్టాంగ్, కూగర్, జాగ్వార్, రామ్ అను జంతునామములు, మన దేశమున రాణా ప్రతాపుని అశ్వము పేరగు చేతక్ (స్కూటరు), విషజంతువు పేరగు స్కార్పియో ఈ కోవలోనివే. అశ్వశక్తి, టార్కు మొదలగు సంఖ్యలు సమాచారముగా గాక పరాక్రమపు కొలతలుగా వాడబడును. స్త్రీ ఈ నిర్మాణమున తరచుగా ప్రేక్షకురాలు; ఆమె చూపు వాహనమునుండి పురుషునిపై ప్రసరించినప్పుడే కథ పూర్తియగును. ప్రకటనలలో స్త్రీపురుషుల నిలుకడ, ఎత్తు, చేతుల స్థితి అధికారక్రమమును ఎట్లు తెలుపునో ఎర్వింగ్ గోఫ్‌మన్ ‘జెండర్ అడ్వర్టైజ్‌మెంట్స్’ (1979)లో సోదాహరణముగా నిరూపించెను.

భారతదేశమున

స్వాతంత్ర్యానంతరము నలుబది సంవత్సరములకు పైగా లైసెన్సు విధానము క్రింద వాహనముల ఉత్పత్తి పరిమితమై యుండుటచే, కొనువాడే అమ్మువాని వెంట తిరుగవలసిన స్థితి యుండెను. బజాజ్ స్కూటరునకై పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియున్న కుటుంబములు తెలుగునాట ప్రతి పట్టణమునను కలవు. అట్టి కాలమున మగతనమును ప్రకటించి బండి నమ్మవలసిన అవసరము ఎవరికిని లేదు. 1989లో వెలువడిన ‘హమారా బజాజ్’ ప్రకటనలో స్కూటరు దేశముయొక్కయు, కుటుంబముయొక్కయు వస్తువు. దానిపై తండ్రి, తల్లి, పిల్లలు కలసి ప్రయాణించుదురు. హీరో హోండా సి.డి.100 బండి 1985నుండి ప్రకటించినది పెట్రోలు పొదుపు. ఒకసారి నింపి, మూత పెట్టి, మరచిపొమ్మనునదే దాని సందేశము. జీతపు రాళ్ళతో ఇల్లు గడుపు గృహస్థుడే ఈ ప్రకటనలకు నాయకుడు. అతడును ఒక పురుషమూసయే గాని, అందు గర్జన లేదు.

దీనికి మినహాయింపు లుండెను. ధర్మేంద్రను చూపి రాజ్‌దూత్ తన దృఢత్వమును చాటుకొనెను. 1973 నాటి ‘బాబీ’ చిత్రమున కథానాయకుడు నడిపిన రాజ్‌దూత్ జి.టి.ఎస్. చిన్న బండి ఆ చిత్రము పేరనే జనుల నోట నిలిచెను. ఇంగ్లండులో తుపాకివలె తయారైనదను నినాదముతో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్, 1955లో మద్రాసున కర్మాగారము నెలకొల్పబడిన పిదప, సైన్యము, పోలీసుల వాడుకవలన ప్రకటన అక్కరలేకయే అధికార చిహ్నమయ్యెను. ఆ సంస్థ బుల్లెట్టు బండి శబ్దము వినగానే వచ్చువాడు ఎస్సైయో, ఊరి మోతుబరియో యని గ్రామస్థులు గుర్తించిన కాలము పెద్దల జ్ఞాపకములో నేటికిని ఉన్నది. సంస్థ తరువాతి ప్రకటనలు ఆ జ్ఞాపకమునే పెట్టుబడిగా చేసికొన్నవి. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ అను పాటకు తెలంగాణలో ఒక పెండ్లికూతురు నర్తించిన దృశ్యము విస్తృత ప్రచారము పొందుటకును ఆ బండికి తరతరములుగా అంటియున్న గౌరవమే మూలము.

ఆర్థిక సంస్కరణల పిమ్మట పలు సంస్థలు ఒకేవిధమైన ఇంజనులతో, ఒకే ధరలతో పోటీపడినప్పుడు స్థితి మారెను. 2001 నవంబరులో బజాజ్ ఆటో పల్సర్ మోటారు సైకిలును 150, 180 సి.సి. రూపములలో విడుదల చేసి, ‘డెఫినిట్లీ మేల్’, అనగా నిశ్చయముగా మగది, అను నినాదముతో ప్రకటించెను. వెడల్పైన ట్యాంకు, దిట్టమైన దేహము, మందమైన సైలెన్సరుగల ఆ బండిని యంత్రముగా గాక పురుషజాతి ప్రాణిగా పరిచయము చేయుట మన దేశమున కొత్త. పన్నెండేండ్లకు పూర్వము దేశకుటుంబమునంతటిని తన స్కూటరుపై ఎక్కించిన సంస్థయే ఇప్పుడు ఒక్క మగవానిని మాత్రము పిలుచుట గమనింపదగిన మార్పు. ఆ నినాదము విజయవంతమై మోటారు సైకిళ్ళ ప్రకటనల స్వరమునే మార్చెను. హృతిక్ రోషన్‌తో హీరో హోండా కరిజ్మా, కండల భాషలో స్కార్పియో ఎస్.యు.వి. ఆ బాటనే నడచెను. 2016లో శ్రీసిటీలో ఉత్పత్తి ప్రారంభించిన ఇసుజు సంస్థ, డి-మాక్స్ వి-క్రాస్ పికప్‌ను వర్తకుని సరకుబండిగా గాక సాహసయాత్రికుని సొంతబండిగా అమ్మజూపుట అమెరికా ట్రక్కుల మార్గము ననుసరించినదే.

తెలుగు ప్రాంతమున ఈ ప్రకటనలకు రెండు బలమైన ఆధారములు కలవు. మొదటిది సినిమా: కథానాయకుని తొలి ప్రవేశమున మోటారు సైకిలు చక్రము, బూటు, ధూళి, ఆ పిమ్మట ముఖము చూపు సంప్రదాయము ప్రేక్షకుని కంటికి ముందే శిక్షణ నిచ్చియున్నందున, ప్రకటనకర్త అదే దృశ్యమును ముప్పది సెకనులలో పునరావృత్తి చేసిన చాలును. రెండవది పెండ్లి: అల్లునికి బండి పెట్టుట యను ఆచారము, 1961 నాటి వరకట్న నిషేధ చట్టము తరువాతను కానుక పేర సాగుచున్నది. ప్రకటన పెండ్లికొడుకు పౌరుషమును పొగడుచుండగా, సొమ్ము చెల్లించువాడు పెండ్లికూతురు తండ్రి. ఈ వైరుధ్యమును ఏ ప్రకటనయు చూపదు. మన ప్రాంతపు వాహన ప్రకటనల పరిశీలనలో ఇంతకంటె ముఖ్యముగా గ్రహింపవలసినది మరియొకటి లేదు. (చూ. వరకట్నము.)

భిన్న మార్గములు

మగతనమును అమ్మకయే బండ్ల నమ్మవచ్చునని నిరూపించిన ప్రకటనలు కొల్లలు. 1959లో డోయిల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థ వోక్స్‌వాగన్ కొరకు సంకల్పించిన ప్రకటన పెద్ద పుటలో ఒక మూల చిన్న కారును చూపి, చిన్నగా ఆలోచింపుమని చెప్పెను. 1963లో హోండా, అమెరికాలో మోటారు సైకిలనగా రౌడీల బండియను అపప్రథను తొలగింపదలచి, హోండాపై తారసిల్లువారందరు సజ్జనులే యను అర్థముగల నినాదముతో గృహిణులను, విద్యార్థులను, వృద్ధులను చూపెను. అమ్మకములు విశేషముగా పెరిగినవి. మన దేశమున హీరో హోండా ప్లెజర్ స్కూటరు ప్రియాంక చోప్రాను చూపి, ఆనందమంతయు మగపిల్లలకేనా యని ప్రశ్నించెను. అది స్త్రీలకు వాహనమునిచ్చినను, గేర్లులేని బండి ఆడవారిది, గేర్ల బండి మగవారిది యను విభాగమును స్థిరపరచెను కూడ. ఆ విభాగమును నిజముగా చెరిపినది 2001లో వచ్చిన హోండా ఆక్టివా. తండ్రి ఆఫీసునకు, తల్లి బజారునకు, కుమార్తె కాలేజీకి ఒకే బండిని వాడు గృహములు హైదరాబాదు, విజయవాడలలో వీధికి పది కనబడును.

విమర్శ, నియంత్రణము

1979లో లండనులో ఫియట్ 127 కారును, ఇది యువతియైనచో ఎవరైన పిరుదు గిల్లుదురను అర్థముగల వాక్యముతో ప్రకటించిన హోర్డింగు క్రింద, ఈ యువతియే కారైనచో నిన్ను తొక్కించి పోవునని ఎవరో రంగుతో వ్రాసిరి. జిల్ పోస్‌నర్ తీసిన ఆ ఛాయాచిత్రము స్త్రీవాద నిరసనకు చిరస్థాయియైన చిహ్నమైనది. 2013లో ఫోర్డ్ ఫిగో సామాను అరలో కట్టివేయబడిన స్త్రీలను వ్యంగ్యచిత్రముగా చూపిన చిత్రములను మన దేశపు ప్రకటనా సంస్థ జె.డబ్ల్యు.టి. తయారుచేసినట్లు బయటపడగా, ఫోర్డు సంస్థయు, ఆ ప్రకటనా సంస్థకు మాతృసంస్థయగు డబ్ల్యు.పి.పి.యు క్షమాపణ చెప్పెను; బాధ్యులైన ఉద్యోగులు వైదొలగిరి. 2018లో ఫార్ములా వన్ పందెముల నిర్వాహకులు పందెపు బాటపై అలంకారముగా యువతులను నిలుపు ఆచారమును మానివేసిరి.

నియమముల విషయమున బ్రిటను ముందున్నది. హానికరమైన లింగమూసలను నిషేధించు నియమము అచ్చట 2019 జూన్‌లో అమలులోనికి వచ్చెను. ఆగస్టులో నిలిపివేయబడిన మొదటి రెండు ప్రకటనలలో ఒకటి వోక్స్‌వాగన్ విద్యుత్తు కారుది: అందు పురుషులు వ్యోమగాములుగను, క్రీడాకారులుగను కనబడగా, స్త్రీ ఉయ్యాలబండి ప్రక్కన కూర్చుండి యుండెను. మన దేశమున 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి వాహన ప్రకటనలలో ట్రాఫిక్ నిబంధనల ఉల్లంఘనమును, ప్రమాదకరమైన వేగమును చూపరాదని, విన్యాసములు చూపినప్పుడు చదువనగు హెచ్చరిక నిలుపవలెనని ఆదేశించుచున్నది. ఆ సంస్థయే 2022 జూన్‌లో హానికరమైన లింగమూసలకు వ్యతిరేకముగా మార్గదర్శకములను ప్రకటించెను. తెర అడుగున క్షణకాలము మెరసి పోవు సన్నని అక్షరముల హెచ్చరిక ఎంతవరకు పనిచేయునను సంశయము మాత్రము తీరలేదు.

ప్రాముఖ్యము

ఈ విషయము కేవలము అభిరుచికి సంబంధించినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2021లో ప్రపంచమున రోడ్డు ప్రమాదములలో సుమారు 11 లక్షల 90 వేల మంది మరణించిరి. పురుషులు స్త్రీలకంటె దాదాపు మూడు రెట్లు అధికముగా ఇట్లు మరణించుచున్నారు. భారత ప్రభుత్వ రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ నివేదిక 2022లో మన దేశమున మృతులు 1,68,491 మంది యనియు, అందు నూటికి 44కు పైగా ద్విచక్ర వాహనములపై పోవువారే యనియు తెలుపుచున్నది. ఈ మరణములన్నిటికి ప్రకటనలే కారణమని ఎవరును చెప్పరాదు. రోడ్ల దుస్థితి, హెల్మెట్టు లేమి, మద్యపానము, లైసెన్సుల జారీలోని అలక్ష్యము ఇందు పాలుగొనుచున్నవి. అయినను వేగమే మగతనమను పాఠమును దినమునకు పదిమారులు ఆలకించు పదునెనిమిదేండ్ల బాలుని చేతికి బండి తాళము వచ్చినప్పుడు ఆ పాఠము పనిచేయదని వాదించుట కష్టము. ఈ సంగతిని గ్రహించియే 2007లో ఆస్ట్రేలియాయందలి న్యూ సౌత్ వేల్స్ రోడ్డు రవాణా శాఖ, వేగముగా నడపువానిని చూచి స్త్రీలు చిటికెన వ్రేలిని వంచి అతని మగతనమును పరిహసించు ప్రకటనను ప్రసారము చేసెను. అదియు పురుషత్వ మూసనే వాడుకొనినది గనుక విమర్శకు లోనయ్యెను.

విద్యుత్తు వాహనముల రాకతో ఈ చరిత్ర క్రొత్త ఘట్టమున ప్రవేశించినది. నూరేండ్లకు పూర్వము నిశ్శబ్దము స్త్రీసహజమని తలచిన పరిశ్రమ, 2020లో హమ్మర్ పేరును మరల ఎత్తి విద్యుత్తు బండిగా ప్రకటించునప్పుడు వేయి అశ్వశక్తిని నిశ్శబ్దములోనే పరాక్రమముగా చూపెను. మగతనమునకు ఇంజను గర్జన ఆవశ్యకము కాదని దీనివలన తేలినది. ఆవశ్యకమైనది విక్రేత అవసరము మాత్రమే.

వాహన ప్రకటన ప్రమాదకరముగ నున్నదనియో, లింగమూసలను ప్రోత్సహించుచున్నదనియో భావించిన పాఠకుడెవరైనను అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చును. అందులకు రుసుము లేదు.